'నేను' అనడం రాని పెట్టె

దాని కడుపులో ఎన్ని 'నేను'లు పడ్డాయో లెక్కలేదు. అన్నీ పరాయివాళ్లవే. అందుకే నెల్లూరు జిల్లాలో ఒక హైస్కూలు బీరువాలో పడున్న ఆ క్యాసెట్ రికార్డరు, సొంత కథ చెప్పుకున్నా 'అది', 'దాని' అనే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి పెద్దగా మాట్లాడదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చాక ఇలాంటి పెట్టెలు ఎన్ని పుట్టలేదు! దాని గొప్పంతా 1993లో ఉంది.

అంతకు ముందటేడే దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం జిల్లా అంతా పాకింది. తెలుగయ్యవారు తొమ్మిదో తరగతి పిల్లలకు రికార్డరిచ్చి, పేపర్లో చదివింది కాదు, మీ చెవులతో విన్నది పట్టుకురమ్మన్నారు.

ఆ పోరాటం చేసిన ఒక అవ్వను "సారా చెడ్డదే కదవ్వా?" అనడిగిన పిల్లాడికి "అవును" ఒక్కటే దక్కింది. "ఆరోజు ఏం జరిగిందవ్వా?" అన్న పిల్లకు క్యాసెట్టులో ఒకవైపు, ముప్పై నిమిషాలూ నిండింది. మధ్యలో అవ్వ ఆగిపోతే ఆ పిల్ల మీట ఆపలేదు. అసలు మాట ఆ మౌనం తర్వాతే వచ్చిందట. ఇది చెప్పేటప్పుడు పెట్టెకు కాస్త గర్వం.

అయ్యవారు అంతటితో వదల్లేదు. సారా వేలంపాట పాడినాయన ఏమన్నాడు, తాగేవాడు ఏమన్నాడు అని మళ్లీ తరిమారు. అవ్వ యాసను పుస్తకాల భాషలోకి దిద్ది కొటేషన్ గుర్తుల్లో పెట్టిన పిల్లకు చీవాట్లు పడ్డాయి: గుర్తులుంటే ఆమె మాటే ఉండాలి, నీ మాట రాస్తే గుర్తులు తీసెయ్.

అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మరుసటి వేసవిలో అయ్యవారికి బదిలీ వచ్చింది.

క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. ఎవరూ విరవలేదు. వార్షికోత్సవం డాన్సుకు సినిమా పాట కావాల్సి, చేతికందిన క్యాసెట్టు పెట్టారు. రికార్డు చేసే హెడ్డుకు ముందు చెరిపే హెడ్డు ఒకటుంటుంది. అవ్వ గొంతును ఆ పెట్టే తన తలతో తుడిచేసింది. వద్దనే మీట దానికెవరూ పెట్టలేదు మరి.

తర్వాత బ్యాటరీలు తియ్యకుండానే బీరువాలో తోశారు. అవి కారి, స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టింది. పక్కన విరిగిన గ్లోబు, చెదలు తిన్న హాజరు పట్టీలు.

క్యాసెట్టు ఇంకా లోపలే ఉంది. పాట అయిదు నిమిషాలే. ఆ తర్వాత, వాక్యం మధ్యలోంచి, అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది. డాన్సు అయిపోగానే మీట నొక్కేశారు కాబట్టి అంతదూరం ఎవరూ వినలేదు.