ఎడమ చక్రం

పెదనాన్న కూతురు, అంటే మా అక్క, సెకండ్‌హ్యాండ్‌లో మారుతి 800 కొంది. తెల్ల బండి. ముగ్గురు ఓనర్ల చేతులు మారి బ్రోకర్ ద్వారా వచ్చింది. వానలో పిల్లలతో మంగళగిరి నుంచి వస్తూ గట్టిగా బ్రేకు తొక్కితే, బండి కుడివైపుకు లాగేసి డివైడర్ దాకా వెళ్లి ఆగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు.

పెదనాన్న బెజవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు షెడ్డు నడిపాడు. మోకాళ్ల నొప్పులతో మానేశాడు గానీ పానాల పెట్టె ఎవరికీ ఇవ్వలేదు. “ఇంటికి తీసుకురామ్మా, నేనే చూస్తాను” అన్నాడు.

వెనక బ్రేకు పోయిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. తొక్కగానే బరువు ముందుకొస్తుంది. పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. పొడి రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే లోటు కనపడదు. రోడ్డు తడిసిన రోజున బయటపడుతుంది.

ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించాడు. వెనక భాగం జాకీతో లేపి, జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టాడు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు కిందకి. నేను పెడల్ తొక్కుతుంటే ఆయన చక్రాలు తిప్పాడు. కుడిది బిగుసుకుంది, ఎడమది తిరుగుతూనే ఉంది. “ఇప్పుడు హ్యాండ్ బ్రేకు లాగు.” ఎడమది కూడా ఆగింది.

“చూశావా? హ్యాండ్ బ్రేకు కేబుల్‌తో పనిచేస్తుంది. అది పట్టిందంటే షూలు బాగానే ఉన్నట్టు. కాలితో తొక్కితే పట్టడం లేదంటే ఆయిల్ రావట్లేదు.”

డ్రమ్ములు ఊడదీశాడు. దుమ్ము ఊదబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదని. తడిగుడ్డతో తుడిచాడు. కుడివైపు లైనర్ అరిగి పలచబడింది. ఎడమవైపుది కొత్తదానిలా మందంగా ఉంది. ఏళ్ల తరబడి అది తిరిగే డ్రమ్మును పట్టనే లేదన్నమాట. వీల్ సిలిండర్ పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. బ్లీడర్ నిపుల్ వదులు చేసి పెడల్ తొక్కించాడు. చుక్క రాలేదు.

పెదనాన్న మొహం ఎర్రబడింది.

“సిలిండర్ కారుతుంటే కొత్తది వెయ్యకుండా ఎవడో లైను మూసేశాడు. కారడం ఆగుతుంది, పెడల్ గట్టిగా ఉంటుంది, కొనేవాడికి అనుమానం రాదు. నాలుగు చక్రాల బండికి మూడు బ్రేకులు! ఆ చేసినవాడి పిల్లల్ని ఈ బండెక్కించి ఘాట్ రోడ్డు దింపించాలి. అప్పుడు తెలుస్తుంది వెధవకి.”

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. “పోనీలే నాన్నా, ఎవరో ఏమిటో” అంది.

“పోనీలే ఏంటమ్మా? వాడికి తెలియక చేశాడా? తెలిసే చేశాడు.”

సిలిండర్ వెనక పైపు నట్టు విప్పాడు. బ్రేకు ఆయిల్ బొటబొటా కారింది. దాంతోపాటు ఒక చిన్న ఇనుప గుండు ఆయన అరచేతిలో పడింది. సైకిల్ హబ్బులో వేసే గుండు. పైపు మూతికి సరిగ్గా సరిపోయింది.

గుండును గుడ్డతో తుడిచి వెలుగులో తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు. అక్క వైపు చూడలేదు.

“ఏంటి పెదనాన్నా?” అన్నాను.

“మిగతా షెడ్లలో పైపు మడిచి సుత్తితో కొట్టేవాళ్లురా. పైపు పాడవకుండా గుండు పెట్టి బిగించేవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మే బండికి ఖర్చెందుకు అన్నాడు ఓనరు. వంద రూపాయలిచ్చాడు.”