ట్రయల్ బాబాయి

పెళ్లి ముహూర్తానికి పంతులుగారున్నట్టే, పాత కారు కొనడానికి ప్రతి చుట్టరికంలోనూ ఒక ట్రయల్ బాబాయి ఉంటాడు. ఏ బ్యాంకులోనో రిటైరయ్యుంటాడు. మెకానిక్కు కాదు. మెకానిక్కులు ఆయన్ని దూరాన్నుంచి చూసి షట్టరు దించేస్తారు. అన్నగారబ్బాయి ఫోన్ చేసి ‘బాబాయ్, పద్దెనిమిది లక్షలకి బెంజి వస్తోంది’ అన్నాడంటే చాలు, ఆదివారం పొద్దున్నే టార్చిలైటు, పాత తువ్వాలు, పిన్ని, ఈ మూడింటితో బయల్దేరతాడు. పిన్ని ఎందుకో తర్వాత చెబుతాను.

ఆరున్నరకల్లా పాత కార్ల కన్సల్టెన్సీ గేటు ముందుంటాడు. అంత పొద్దున్నే ఎందుకంటే, దానికో కారణముంది. ఎయిర్ సస్పెన్షనున్న ఎస్‌ క్లాసు తెల్లారేసరికి ఒక మూల కుంగిపోయి ఉందంటే ఎక్కడో గాలి లీకవుతున్నట్టు. ఇంజిను స్టార్టయిందా, కంప్రెసరు గాలి నింపి బండిని లేపేస్తుంది, సాక్ష్యం కాస్తా మాయం. అందుకే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆన్చి చూస్తాడు. వెచ్చగా తగిలితే కన్సల్టెన్సీ కుర్రాడి వైపు తిరిగి, ‘ఏం నాయనా, రాత్రి దీనికి జ్వరమొచ్చిందా?’ అంటాడు.

‘లేదు సార్, డాక్టరుగారి బండి. సింగిల్ ఓనరు.’

హైదరాబాద్‌లో అమ్మకానికొచ్చే ప్రతి పెద్దకారూ డాక్టరుగారిదే. ఇన్ని కార్లు మార్చే డాక్టర్లు పేషెంట్లని ఎప్పుడు చూస్తారో మరి!

తర్వాత తువ్వాలు పరుచుకుని టైరు దగ్గర కూర్చుంటాడు. అంచు మీద 2319 అనుంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. మీటరు ముప్ఫై వేలే చూపిస్తుంది, బ్రేకు పెడలు రబ్బరేమో నున్నగా అరిగిపోయుంటుంది. ‘డాక్టరుగారు ఆపరేషన్లు కాళ్లతో చేసేవారా?’ అంటాడు. సీటు బెల్టు చివరంటా లాగి టార్చి వేస్తాడు. 2020 అక్టోబరు వరదల్లో మునిగిన బండైతే కార్పెట్లు మార్చేసుంటారు గానీ, బెల్టు లోపలి చుట్టకంటిన బురద మర్చిపోయుంటారని ఆయన అనుమానం. ఢిల్లీ నంబరు కనిపిస్తే మరీ హుషారు. పదేళ్లు దాటిన డీజిలు బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పాక, వయసు మీదపడ్డ పెద్దకార్లు ఇటు దిగుతున్నాయి. అబ్బాయి ‘చవగ్గా వస్తోందిగా బాబాయ్’ అంటే, ‘ఎన్‌ఓసీ ఖర్చు, ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కలిపి, అప్పుడు చెప్పు’ అంటాడు.

ట్రయల్‌కని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఇక ఆయన్ని పట్టలేం. 158 కిలోమీటర్ల రోడ్డు, 120 దాకా వెళ్లొచ్చు. ఏసీ బంద్, పాటలు బంద్, మాటలు బంద్. డబ్బు పెట్టేవాడికి స్టీరింగు దక్కదు, వాడు వెనకసీట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. వందలో బ్రేకు తొక్కి స్టీరింగు వణుకుతోందా అని చూస్తాడు. గేరు మారడం కడుపులో తెలియకూడదంటాడు. పాత బీఎండబ్ల్యూ 520డి అయితే, టైమింగ్ చైను ఇంజిను వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో కిందికి దించాల్సిందే. ఈ సంగతి చెప్పేటప్పుడు బాబాయి గొంతులో విచారం ఏ కోశానా ఉండదు.

సుఖం సంగతి తేల్చేది మాత్రం పిన్ని. ఆవిడ నడుములో డిస్కు జరిగింది. ఎక్కడ జరిగిందంటారా, బాబాయి సొంత కార్లోనే. ఆవిణ్ణి వెనక ఎడమవైపు కూర్చోబెట్టి, గుంతలున్న సర్వీసు రోడ్డులోకి దిగుతాడు. స్పీడ్ బ్రేకర్ దాటాక ‘ఎలా ఉంది?’ అంటాడు. ‘ఫర్వాలేదండీ’ అంటే షాకబ్జార్బర్లు బాగున్నట్టు. ‘అమ్మో, రామచంద్రా’ అంటే పోయినట్టు. రన్‌ఫ్లాట్ టైర్ల బండిని ఆవిడ మొదటి గుంతలోనే పట్టేస్తుంది. గాలి పోయినా 80 వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు లాక్కుపోవాలి కాబట్టి ఆ టైర్లకి పక్కలు గట్టిగా చేస్తారు. ఆ గట్టితనమంతా వచ్చి పిన్ని నడుముకే తగులుతుంది. పోనీ మామూలు టైర్లు వేయిద్దామంటే, చాలా వాటిలో డిక్కీలో స్టెప్నీయే ఉండదు.

ఒకసారి ఒక నల్ల ఈ క్లాసులో ఆవిడ సర్వీసు రోడ్డు దాటకముందే గురక పెట్టింది. అబ్బాయి అప్పటికే అడ్వాన్సు తీస్తున్నాడు. బాబాయి ముఖం పాలిపోయింది. రెండు చుట్లు తిరిగి, డోరు మీద వేలితో రాసి చూపించి, ‘నలుపు వద్దురా, దుమ్ము దాగదు’ అన్నాడు. కారు కుదిరిపోతే వచ్చే ఆదివారం ఆయనేం చేసుకోవాలి? పైగా ఔనన్న బండికి రేపు ఏమొచ్చినా ఫోను ఆయనకే వస్తుంది. వద్దన్న బండి గురించి ఆయన్ని ఇంతవరకూ తిట్టినవాళ్లు లేరు.

మీరూ పాత బెంజి కొనబోతుంటే బాబాయిని తప్పకుండా వెంటబెట్టుకెళ్లండి. ఆయన చెప్పే లోపాలు నూటికి తొంభై నిజాలే. రాసుకోండి, బేరానికి పనికొస్తాయి. కొనాలా వద్దా అన్నది మాత్రం పిన్నిని అడగండి.