ఇంజిన్ దించనివ్వని యజమాని

పాత కార్ల యజమానులలో ఇంజిన్ దించనివ్వనివాడిది ఒక ప్రత్యేక శాఖ. ఇంజిన్ దించడమంటే దాన్ని బండి నుంచి విడదీసి, విప్పి, పిస్టన్లు బయటకు తీసి, అరిగిన రింగులు మార్చి, అవసరమైతే సిలిండర్లకు లేతు షాపులో బోరు వేయించడం. ఈ మాట ఒక్కసారి మెకానిక్ నోటి నుంచి వెలువడితే చాలు, ఈ శాఖకు చెందినవాడు ఆ షెడ్డున్న వీధిలోకి మళ్లీ అడుగుపెట్టడు. ఇతడు సాధారణంగా ఉద్యోగ విరమణ చేసినవాడు, మారుతి 800 కలవాడు, ఆ కారు తయారీ 2014లో ఆగిపోవడానికి అంత మంచి బండిని మళ్లీ చేయగలవాళ్లు లేకపోవడమే కారణమని నమ్మేవాడు.

అతని కారు ఆయిల్ తాగుతుంది. ఆ మాట అతడనడు. "కొంచెం వాడుకుంటుంది" అంటాడు. శాస్త్రరీత్యా అందులో అబద్ధం లేదు. పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ ప్రధానంగా మండిన వాయువుల ఒత్తిడి కిందికి జారకుండా ఆపితే, మూడవదైన ఆయిల్ రింగు సిలిండరు గోడకు అంటిన నూనెను గీకి అడుగునున్న తొట్టిలోకి దింపుతుంది. అయినా గోడమీద మిగిలే పలుచని పొర కాలిపోవడం ఏ ఇంజిన్‌లోనైనా సహజమే. తేలవలసింది ఎంత కాలిందన్నదే. ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోయవలసి వచ్చిందన్నదొక్కటే అందుకు సరైన కొలత కాగా, పెట్రోలు ఖర్చును పైసలతో సహా ఏళ్ల తరబడి డైరీకెక్కించిన ఈ పెద్దమనిషి ఆయిల్ డబ్బాను మాత్రం ఏ పద్దులోనూ చూపడు. రాస్తే తెలిసిపోతుంది గనుక.

డిప్ స్టిక్‌తో అతని సంబంధం మరింత విచిత్రమైనది. ఆయిల్ మట్టం చూడాలంటే బండిని సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపి, పైనున్న నూనె కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి, పుల్లను ఒకసారి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీయాలి. ఇతడు గేటు ముందరి ర్యాంపు మీద ఒకరోజు ముందుకు, మరొకరోజు వెనక్కు తిప్పి నిలిపిన బండిలో, నచ్చిన ఫలితం వచ్చేవరకు పుల్ల ముంచుతూనే ఉంటాడు. వాలును బట్టి నూనె ఒక పక్కకు చేరడం వల్ల గీత ఏనాడైనా పైన కనబడితే, "ఈ వారం చుక్క తగ్గలేదు" అని ఇంట్లో ప్రకటిస్తాడు. ఇల్లాలు అప్పటికే బండి కింద పరచిన పాత అట్టముక్క మీది మరకలను చూసి ఉంటుంది కాబట్టి ఏమీ అనదు. ఆ మరకలు వాల్వ్ కవర్ ప్యాకింగ్ నుంచో, క్రాంక్ ఆయిల్ సీల్ నుంచో బయటకు కారే నూనెవి. కాలిపోయే నూనె లెక్క వేరు. ఏది కారుతోంది, ఏది కాలుతోంది అన్నది తేల్చుకోకుండా రింగులను అనుమానించడం తొందరపాటేనని ఇక్కడ అతని పక్షాన ఒప్పుకోక తప్పదు.

ఇక పొగ. నీళ్లావిరి తెల్లగా కనబడి త్వరగా మాయమవుతుంది. కాలిన ఆయిల్ నీలిరంగు పొగగా ఘాటైన వాసనతో వెంటాడుతుంది. రంగుకన్నా అది వచ్చే వేళే రోగాన్ని ఎక్కువగా పట్టిస్తుంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీల్స్‌ను, అంటే వాల్వు కాడ వెంట నూనె లోపలికి జారకుండా అడ్డుకొనే చిన్న రబ్బరు టోపీలను, అనుమానించాలి. ఏళ్ల వేడికి ఆ రబ్బరు గట్టిపడి బిగువు కోల్పోతుంది. యాక్సిలరేటర్ వదిలి వంతెన దిగి, కింద మళ్లీ తొక్కినప్పుడు పొగ వచ్చినా అనుమానం వాటిమీదికే పోతుంది. అలాకాక నిండు బరువుతో బెజవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నంతసేపూ పొగ చిమ్ముతూనే ఉంటే రింగుల మీద అనుమానం బలపడుతుంది. ఇన్ని సూక్ష్మాలు తెలిసి కూడా ఇతనికి ప్రయోజనం లేదు, ఎందుకంటే పొగ బండి వెనక వస్తుంది, ఇతడు ముందుకు మాత్రమే చూస్తాడు. "తాతయ్యా, వెనకాల పొగ!" అని మనవడు అరిస్తే, "అది ముందు పోయిన లారీదిరా" అంటాడు.

చికిత్సలు అతనికి చాలానే తెలుసు: 20డబ్ల్యూ-40కి బదులు మరింత చిక్కని 20డబ్ల్యూ-50, షాపువాడు చెప్పిన మందు డబ్బా, ఇవేవీ కాకపోతే డిక్కీలోని ఆయిల్ డబ్బా, నీళ్ల సీసా పైభాగం కోసి చేసిన గరాటు.

ఆటోనగర్ మేస్త్రీ అడిగేది నిజానికి చాలా చిన్న పని. "మాస్టారూ, ముందు కంప్రెషన్ చూడనివ్వండి, ఆ తర్వాతే మాట" అంటాడు. స్పార్క్ ప్లగ్గు తీసి ఆ స్థానంలో గేజి బిగించి ఇంజిన్‌ను స్టార్టరుతో తిప్పితే ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడి ఎంతో తెలుస్తుంది. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు ముల్లు బాగా లేస్తే రింగులు అరిగినట్టు, లేవకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ ప్యాకింగ్‌లోనో ఉన్నట్టు. అన్ని సిలిండర్లూ సరిగా ఉండి పొద్దుటి పొగ మాత్రమే మిగిలితే సీల్స్ మార్చి చూడవచ్చు. ఆరు వాల్వుల పాత 800కు కావలసినవి ఆరే, పని తెలిసినవాడు సిలిండరులోకి గాలి పట్టించి వాల్వును పైనే నిలబెట్టి హెడ్డు కూడా విప్పకుండా మార్చగలడు. అంటే ఇతని భయానికి మూలమైన ఇంజిన్ దింపుడు అవసరమా కాదా అన్నది తేల్చే పరీక్షనే ఇతడు ఇన్నాళ్లూ ఆ భయంతో తప్పించుకు తిరిగాడన్నమాట.

పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించవలసి వచ్చినప్పుడు గాని చాలామంది గేజికి ఒప్పుకోరు. అదృష్టవశాత్తూ సీల్స్‌తోనే పని తీరిపోయినవాడు మేస్త్రీ ప్రతిభను ఎన్నడూ ప్రస్తావించడు. "ఇంజిన్ దించనక్కర్లేదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నా" అంటూ, నిజంగానే రింగులు పోయిన ఎదురింటాయన బండికి కూడా అదే తీర్పు చెప్పివస్తాడు. అతడు తమ గేటు తోసుకుని వచ్చినప్పుడు పాఠకులు కాఫీ ఇచ్చి, చెప్పేది మర్యాదగా విని, బండికి మాత్రం గేజి పెట్టించుకోవలసిందిగా మనవి.