రెండు థౌల బాబాయ్

తిరువూరులో బుల్లెట్టు బాబాయ్ ఇల్లెక్కడంటే చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. వరండాలో సగం బండి, మంచం కింద మిగతా సగం ఉన్న ఇల్లు ఏదో అదే. 1972 మోడలు. మద్రాసు పక్కన తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పుట్టి తిరువూరుకి కాపురానికొచ్చింది. తనకంటే ముందొచ్చిందని పిన్నికి దానిమీద ఇప్పటికీ గుర్రే.

ఇలాంటి బాబాయ్‌లు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కొడుకు కొనిచ్చిన స్కూటరు మీద కూరగాయలు తెస్తూనే, "ఇదీ ఒక బండేనా, చప్పుడేదిరా?" అంటారు. మా బాబాయ్‌కి కావలసింది బండి కాదు, స్పెషలిస్టు. మామూలు మెకానిక్కులంతా ఆయన లెక్కలో నట్లు బిగించేవాళ్ళే. క్రాంకు తెలిసినవాడు కావాలి.

ఇదంతా చేతుల తిమ్మిరితో మొదలైంది. అరవై దాటింది కదా, మామూలేనన్నాడు డాక్టరు. వయసు గురించి అన్నాడాయన. బాబాయ్ స్పీడు గురించనుకున్నాడు. అరవై దాటితే బండి వణుకుతోందంటే తేడా క్రాంకులోనేనని తేల్చేసి, ఇంజను దింపేశాడు.

బుల్లెట్టు క్రాంకు ఒకటే ముక్క కాదు. రెండు బరువైన ఫ్లైవీళ్ళు, వాటిని కలుపుతూ ఒక పిన్ను, పిన్ను మీద కనెక్టింగ్ రాడ్. పిన్ను అరిగితే ఫ్లైవీళ్ళు విడదీసి, కొత్తది వేసి, రెండూ ఒకే గీత మీద తిరిగేలా మళ్ళీ కూర్చాలి. తేడా రెండు థౌలు దాటకూడదని బాబాయ్ శాసనం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మనం రాసుకునే కాగితం మందమే సుమారు నాలుగు థౌలు. ఇంట్లో వీధి తలుపు అంగుళం పక్కకి ఒరిగి ఏళ్ళ తరబడి గడియ పడటం లేదు. పిన్ని ఆ మాటెత్తితే మాత్రం "చూద్దాంలే" అంటాడు.

క్రాంకుని పాత లుంగీలో చుట్టి, గోనెసంచిలో వేసి, మైలవరం మీదుగా విజయవాడ ఆటోనగర్‌కి బస్సెక్కుతాడు. మామిడికాయల కాలమైతే పక్కన చిన్న రసాల బుట్ట. అది లేత్ మేస్త్రికి. బుట్ట ఇచ్చేముందు ఇంటర్వ్యూ ఉంటుంది.

"అబ్బాయ్, నీ డయల్ గేజీ సున్నా దగ్గర నిలుస్తుందా?"

"మీరు కాస్త పక్కకి జరిగితే నిలుస్తుందండి."

ఆ మాటతో బాబాయ్‌కి నమ్మకం కుదిరింది. మేస్త్రి క్రాంకుని రెండు సెంటర్ల మధ్య బిగించి చేత్తో మెల్లిగా తిప్పాడు. ముల్లు లేచినచోట సుద్దముక్కతో గీత పెట్టి, రాగి సుత్తితో ఒక్కటిచ్చాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఇచ్చాడు. దెబ్బ ఎంత గట్టిగా పడాలో అతని మణికట్టుకే తెలుసు. ముల్లు ఒకటిన్నర దగ్గర కుదురుకుంది.

"ఇంకో అర తగ్గదా?" అన్నాడు బాబాయ్.

"తగ్గించబోతే మూడవుతుందండి."

తర్వాత బ్యాలెన్సింగ్ మాటొచ్చింది. వణుకన్నదే ఉండకూడదని బాబాయ్ పట్టు. మేస్త్రి సుత్తి కింద పెట్టి అసలు సంగతి చెప్పాడు. సిలిండరు ఒక్కటే. నిమిషానికి 3000 చుట్లంటే పిస్టను సెకనుకి 50 సార్లు పైకెళ్ళి కిందికి రావాలి. దానికి ఫ్లైవీల్లో పెట్టే ఎదురుబరువు ఇంచుమించు సగానికే. పూర్తిగా పెడితే పైకీ కిందికీ ఊగే ఇంజను ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వణుకుని తగ్గించగలం, పక్కకి నెట్టగలం, పూర్తిగా పోగొట్టలేం.

ఇంకొకరైతే ఈపాటికి బండి అమ్మేసేవాళ్ళు. బాబాయ్ మాత్రం తిరుగు బస్సులోనే, ఖమ్మంలో ఇంకో మేస్త్రి ఉన్నాడటగా అని పక్కసీటాయన్ని అడిగాడు.

నవ్వొస్తుంది కానీ, ఆ రాగి సుత్తికి పని పెట్టేది ఇలాంటివాళ్ళే. అరిగిన భాగం తీసి కొత్తది వేసేసే రోజుల్లో, విప్పి, కొలిచి, కూర్చే మేస్త్రుల్ని వెతుక్కుంటూ ఇంకెవరొస్తారు? మీకు తెలిసిన మంచి లేత్ మేస్త్రి ఎవరైనా ఉంటే బాబాయ్‌కి తప్పకుండా చెప్పండి. మేస్త్రికి మాత్రం ముందే చెప్పకండి, షాపు మూసేస్తాడు.