పడిపోవడమే నా ఉద్యోగం

నా ఒంటి మీద ‘సి 16’ అని రాసి ఉంటుంది. గుంటూరులో ఓ ఫ్లాటు, వీధి తలుపు వెనక గోడకు బిగించిన డీబీ పెట్టె, అందులో నేనొక ఎంసీబీని, అంటే కరెంటు హద్దు దాటితే పడిపోయి దాన్ని ఆపేసే స్విచ్చుని. మేమంతా ఒకే ఇనుప పట్టీకి వరసగా తగులుకుని ఉంటాం. నా వాటాకి వంటిల్లు వచ్చింది. పక్కనున్న 6 ఆంపియర్లవాడు లైట్లూ ఫ్యాన్లూ చూసుకుంటాడు, ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారీ పడలేదు. వాడికి ఇంట్లో మంచి పేరు. నాకు తిట్లు.

నన్ను మిక్సీకీ ఫ్రిజ్జుకీ కాపలా పెట్టారని వీళ్ల నమ్మకం. కాదు. నా కాపలా గోడలో, పైపులో ఎవరికీ కనపడకుండా పడుకున్న రెండున్నర చదరపు ఎంఎం వైరుకి. అందులోని రాగికి వేడి లెక్క కాదు గానీ పైనున్న పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. పైగా వేడి పెరిగే తీరు వేరు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మిక్సీ కాలితే వాసనొస్తుంది, కొత్తది కొనుక్కుంటారు. గోడలో తొడుగు మెత్తబడుతుంటే ఎవరికి తెలుస్తుంది?

మొన్న సంక్రాంతికి ఏమైందంటే, ఇల్లంతా చుట్టాలు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, కెటిల్ 1500, ఓవెన్ 1200, మిక్సీ 750. అన్నీ ఒకేసారి. 230 వోల్టుల మీద లెక్కేస్తే దాదాపు 24 ఆంపియర్లు. నేను మోయాల్సింది 16. అయినా తొందరపడి పడిపోలేదు. నా లోపల రెండు లోహాల రేకులు అతికించిన చిన్న పట్టీ ఒకటుంది. వేడెక్కితే ఒక రేకు ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. దాంతో పట్టీ మెల్లగా ఒక పక్కకి వంగుతుంది. కాసేపటి బరువైతే చల్లారి మళ్లీ నిటారుగా నిలబడుతుంది. ఆ రోజు కెటిల్లో ఒక విడత నీళ్లు మరిగాయి, రెండో విడత పోశారు. పట్టీ వంగి వంగి గొళ్లేన్ని తాకింది. టక్కుమని పడ్డాను.

తాతగారు విసురుగా వచ్చి నా పిడి పైకి లేపారు. లేవలేదు. పట్టీ ఇంకా వేడిగా ఉంది మరి. రెండోసారి బొటనవేలితో నొక్కి పట్టుకుని అలాగే నిలబడ్డారు, పడనిస్తానా అన్నట్టు. ఆయనకి తెలియనిదేంటంటే, పిడి పైన పట్టుకున్నా లోపల నా కాంటాక్టులు విడిపోగలవు. నన్ను అలాగే తయారుచేశారు.

ఆయన కోపానికీ ఓ కారణముంది. పాత ఇంట్లో పింగాణీ కట్‌అవుట్లుండేవి. ఫ్యూజు పోతే వైరులోంచి నాలుగు రాగి పోగులు పీకి చుట్టేసేవారు, ఇక మళ్లీ పోయేది కాదు. అది మహా ఉపాయమని ఇప్పటికీ చెబుతుంటారు. ఫ్యూజు పోవడం మానేసిందంటే, తర్వాత పోవాల్సింది వైరేనని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. మా వంశం పుట్టిందే ఆ బెడద లేకుండా చేయడానికి. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ సంస్థ, కరిగిపోకుండా పడి మళ్లీ లేచే బ్రేకరుకు పేటెంటు తీసుకుంది. పడ్డవాణ్ణి లేపితే చాలు, చుట్టడానికేమీ ఉండదు.

ఓర్పు అన్నివేళలా పనికిరాదు. ఒకసారి ఇస్త్రీపెట్టె తీగ మెడ దగ్గర నలిగి ఫేజూ న్యూట్రలూ కలిశాయి. క్షణంలో వందల ఆంపియర్లు. పట్టీ వంగేదాకా కూర్చుంటే కొంప అంటుకుంటుంది. అప్పుడు నాలోని రాగి చుట్ట అయస్కాంతమై లోపలి కడ్డీని లాగేస్తుంది, కళ్లు మూసి తెరిచేలోగా కాంటాక్టులు విడిపోతాయి. విడిపోయే చోట నిప్పు నాలుక ఒకటి లేస్తుంది. దాన్ని సన్నటి ఇనుప రేకుల వరసలోకి తోసి ముక్కలు చేసి చల్లారుస్తాను. బయటికి వినపడేది ఒక్క ‘టప్’. నా పేరులోని ‘సి’ అర్థం కూడా ఇక్కడే ఉంది. ఫ్రిజ్జు మోటారు లేచేటప్పుడు లాగే అదనపు కరెంటుకి నేను ఉలిక్కిపడను. నా మోతకి అయిదు నుంచి పది రెట్ల మధ్యకి వస్తేనే ఆ అయస్కాంతం కదులుతుంది.

పండగ మర్నాడు ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ వచ్చాడు. “సార్, దీన్ని తీసేసి 32 వేస్తా, ఇంక పడదు” అన్నాడు. అన్నంత పనీ చేసుంటే గోడలోని రెండున్నర వైరు గతేంటి? 32 వాడు 30 ఆంపియర్లని సంతోషంగా పంపిస్తాడు. వాడి తప్పు కాదు, వాడి మోత అది. అదృష్టం, వెనకే అతని మేస్త్రీ వచ్చాడు. వైరు చివర తొడుగు పట్టి చూశాడు. “ఎంసీబీని కాదురా, ముందు వైరు చూడు” అని, ఓవెన్‌కీ ఇండక్షన్‌కీ విడిగా నాలుగు చదరపు ఎంఎం వైరు లాగించి నా పక్కన ‘సి 20’ని పెట్టాడు. నా స్క్రూ కూడా బిగించాడు. అది వదులైతే అక్కడే కాలుతుంది, కరెంటు హద్దులోనే ఉంటుంది కాబట్టి నాకు తెలియనే తెలియదు.

మనుషుల సంగతి కూడా నాకు తెలియదు. ఒంట్లోంచి పోతే ప్రాణం తీసే కరెంటు ఆంపియరులో పదో వంతు కూడా ఉండక్కర్లేదు. 16 మోసేవాడికి అది ఆనుతుందా? ఆ పని మా డీబీలో మొదట కూర్చునే ఆర్‌సీసీబీది. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోల్చుకుని, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే పడిపోతుంది. దానికొక ‘టి’ బటన్ ఉంది, అప్పుడప్పుడూ నొక్కి చూడమని. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. దాన్ని తలుపు గంట అనుకుని మనవడు నొక్కబోతే కూడా వెనక్కి లాగేశారు.

ఉగాదికి మళ్లీ చుట్టాలొచ్చారు. స్టవ్, కెటిల్, ఓవెన్, మిక్సీ నాలుగూ ఒకేసారి నడిచాయి. కోడలు రెండు మూడుసార్లు డీబీ వైపు అనుమానంగా చూసింది. నేను పడలేదు. సంక్రాంతి రోజు తాను గట్టిగా నొక్కి పట్టుకోబట్టే నాకు బుద్ధొచ్చిందని తాతగారు వియ్యంకుడికి చెబుతున్నారు.