గుడివాడవాసి శాశ్వత చిరునామా: ఒక పరిశీలన

ప్రభుత్వ కార్యాలయాల్లోనూ బ్యాంకుల్లోనూ ఇచ్చే దరఖాస్తు ఫారాల్లో 'శాశ్వత చిరునామా' అనే గడి ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. పొట్టకూటి కోసం ఎన్ని ఊళ్లు తిరిగినా మనిషి చివరకు ఏ గడపకు చేరుకుంటాడో ఆ గడప వివరమే శాశ్వత చిరునామా అని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. గుడివాడ పౌరుడు ఈ గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆపి పక్కవాణ్ణి సంప్రదించడం తరచుగా కనిపించే దృశ్యం. దీన్ని అతని మతిమరుపు కింద జమకట్టడం అన్యాయం, ఎందుకంటే అతడు పుట్టిన ఇంట్లోనే కదలకుండా కూర్చుని ఉండగా చుట్టూ ఉన్న పేర్లే లేచి నడిచి వెళ్లిపోయాయి.

వీటిలో ప్రధానమైనది జిల్లా. మచిలీపట్నం జిల్లా అన్న పేరు పోయి 1859లో కృష్ణా జిల్లా వచ్చింది. అందులోంచి 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి అనే పేరుతో ఏలూరు ప్రాంతం వేరు కాపురం పెట్టుకున్నది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు ఏలూరు తానే ఒక జిల్లా కావడంతో తృప్తిపడక, దాదాపు వందేళ్ల తరువాత పుట్టింటికి తిరిగివచ్చి నూజివీడును, కైకలూరును సారెగా పట్టుకుపోయింది. ఆ సారెలో కొల్లేరు కూడా ఉన్నందువల్ల గుడివాడ బజారులో అమ్మే కొల్లేరు చేప ఇప్పుడు శాస్త్రరీత్యా పొరుగు జిల్లా సరుకు అయింది, కాని బేరమాడే గృహిణులు ఈ పరిపాలనా సంస్కరణను ఇంతవరకు లెక్కలోకి తీసుకున్నట్లు లేదు.

అదే రోజున విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. జిల్లాకు పేరిచ్చిన ఎన్టీఆర్ 1923 మే 28న పుట్టిన నిమ్మకూరు మాత్రం పామర్రు మండలంలో, అంటే కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. దీనికి ప్రతిగా కృష్ణానది మీది ప్రకాశం బ్యారేజీ కృష్ణా జిల్లాలో లేకుండా పోయింది, విజయవాడ విమానాశ్రయం మాత్రం గన్నవరంలో ఉన్నందున కృష్ణా జిల్లాకే దక్కింది. ఈ పంపకంలో ఎవరి పేరు ఎవరికి వచ్చిందో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తప్ప మరొకరు నిలబడి చెప్పడం కష్టం. గుడివాడకు ఇంకొక పాత మనస్తాపం కూడా ఉండదగినది. 1983లో ఎన్టీఆర్ గుడివాడలోనూ తిరుపతిలోనూ గెలిచారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటిలోనూ గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. పెళ్లి రెండుసార్లు జరిగింది గాని రెండోసారి గుడివాడ కాపురానికి వెళ్లడం జరగలేదు.

ఎన్టీఆర్ పుట్టిన 1923లోనే మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనా ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ ఆంధ్రా బ్యాంకుకే బయలుదేరి, ఆంధ్రా బ్యాంకు నుంచే తిరిగివస్తారు; మధ్యలో వారు ప్రవేశించిన భవనం మీద ఏ పేరున్నదీ వారికి అప్రస్తుతం. ఫారం మాత్రం ఇంత ఉదారంగా ఉండదు. డబ్బు ఏ బ్యాంకులో ఏ శాఖకు చేరాలో చెప్పే పదకొండు గుర్తుల సంకేతాన్ని ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అంటారు. ఖాతాదారు తానే ఖాతాదారునని కొన్నేళ్లకొకసారి తన నోటితో, తన కాగితాలతో తానే రుజువు చేసుకునే క్రతువును కేవైసీ అంటారు. ఏ బ్యాంకులోనైనా ఈ క్రతువుకు ఆధారు కార్డు మీద ఒక జిల్లా, పాత పాసుపుస్తకం మీద మరొక జిల్లా పట్టుకుని వచ్చిన కైకలూరు రైతు స్థితి వర్ణనాతీతం.

బండి నంబరు చూసి మనిషి ఊరు చెప్పే విద్య కూడా ఈ కాలంలోనే అంతరించింది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా అని తెలిసిన రోజుల్లో తిరుపతి కొండ కింద వాహనాలు నిలిపే చోట 'మనోళ్లే' అని పలకరించుకుని పులిహోర పొట్లాలు పంచుకున్న కుటుంబాలుండేవి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఎవరు ఎవరివాళ్లో తేలక ఎవరి పులిహోర వారే తింటున్నారు.

మచిలీపట్నం వ్యవహారం మరింత లోతైనది. దాని వాడుక పేరైన 'బందరు' అనే మాటకు పారశీక భాషలో రేవు అని అర్థం కాబట్టి 'బందరు పోర్టు' అన్నది 'నడిసెంటరు' వంటి ద్విరుక్తి. మాట రెండుసార్లు వచ్చినప్పుడు శంకుస్థాపన, అంటే కట్టడం మొదలుపెట్టే ముందు జరిపే పునాది పూజ, మూడుసార్లు రావడంలో వింత లేదు: 2008లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి, ముగ్గురు ముఖ్యమంత్రుల చేతుల మీదుగా జరిగాయి.

పథకాల పేర్లు, విశ్వవిద్యాలయాల పేర్లు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయన్నది అందరికీ తెలిసినదే గనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు. 2019లో మూతపడిన అన్న క్యాంటీన్లను 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి గుడివాడలోనే తిరిగి ప్రారంభించారన్నది మాత్రం చెప్పుకోదగినది. అయిదు రూపాయలకు భోజనం పెట్టే ఆ చోట వరుసలో నిలబడినవారి చూపు బోర్డు వైపు కాక గరిటె వైపే ఉంటుంది.

ఇన్ని మార్పుల నడుమ స్థానికులు తమంతట తాము ఒక ఉపాయం కనిపెట్టి, పత్రికల నుంచి అరువు తెచ్చుకున్న 'ఉమ్మడి కృష్ణా జిల్లా' అనే మాటను గడిలో ఇరికించి రాస్తున్నారు. ఆ గడి 'కృష్ణా' అన్న రెండక్షరాలకు సరిపడా మాత్రమే ఉన్నందువల్ల మిగిలిన మాటలు అంచు దాటి పక్కనున్న పిన్‌కోడ్ మీదికి పోతున్నాయి. ఫారాలు అచ్చువేయించే అధికారులు వచ్చే ముద్రణలోనైనా జిల్లా గడిని మరో రెండు అంగుళాలు పొడిగించవలసిందిగా మనవి.