నిన్నటి ముద్దాయి, నేటి మెంటర్

ఆగస్టు వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గర రెండు ఫ్లెక్సీలు పక్కపక్కనే వెలుస్తాయి. ఒకటి ఎర్రది. ర్యాగింగ్ చేస్తే పడే శిక్షలు, ఫిర్యాదు చేయాల్సిన 1800-180-5522 నంబరు దాని మీద ఉంటాయి. రెండోది నీలంది. ‘ఫ్రెషర్స్‌కు స్వాగతం, మీ సీనియర్లే మీ మెంటర్లు’ అని పలకరిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే మనిషి. ఎర్రదాంట్లో ముద్దాయి, నీలందాంట్లో మార్గదర్శి. కొత్తగా చేరిన కుర్రాడు ఎదురుగా వస్తున్న థర్డ్ ఇయర్ అన్నను చూసి నమస్తే పెట్టాలో, నంబరు నొక్కాలో తేల్చుకోలేక నిలబడిపోతాడు.

ముద్దాయి వేషం పాతది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో తప్పవని రాసింది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా మెడికల్ కాలేజీలో సీనియర్లు కొట్టడంతో ఒక మొదటి సంవత్సరం విద్యార్థి చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ దేశమంతటికీ నిబంధనలు విధించింది. విద్యార్థీ, తల్లిదండ్రులూ ఏటా హామీపత్రం ఇవ్వాలి. కొత్తవాళ్లను చిన్న జట్లుగా చేసి ఒక్కో జట్టును ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలి. ఇవన్నీ కాగితం మీద ఠంచనుగా జరిగిపోతున్నాయి. ఆ నిబంధనల్లోనే ఇంకో మాట కూడా ఉంది: పిల్లలకు ధైర్యం కలిగేలా అధ్యాపకులు వీలైనంతవరకు హాస్టల్లో వాళ్లతో కలిసి భోంచేయాలట. ‘వీలైనంతవరకు’ అని చేర్చిన మహానుభావుడెవరో గానీ, హాస్టల్ సాంబారు రుచి చూసినవాడే అయ్యుంటాడు.

మెంటర్ వేషం మాత్రం అమెరికాలో కుట్టింది. 1970 మే నెలలో సౌత్ కరోలినా యూనివర్సిటీ విద్యార్థులు వియత్నాం యుద్ధం వేడిలో పరిపాలనా భవనాన్ని ముట్టడించారు. అధ్యక్షుడు థామస్ జోన్స్ లోపలే చిక్కుకుపోయాడు. నేషనల్ గార్డు దిగింది. గొడవ చల్లారాక ఆయనకొక సందేహం వచ్చింది: ఈ పిల్లలకు యూనివర్సిటీ మీద ఇంత కోపం ఎందుకుంది, దాన్ని సొంతమనుకునేలా చేయడానికి మనమేం చేశాం? 1972లో మొదటి సంవత్సరం వాళ్ల కోసం ‘యూనివర్సిటీ 101’ అనే కోర్సు అలా పుట్టింది. తర్వాత 1990లలో అధ్యాపకుడి పక్కన ఒక సీనియర్ విద్యార్థిని కూడా నిలబెట్టారు. వాళ్లకు ముందు శిక్షణ ఇస్తారు, తర్వాతే తరగతి అప్పగిస్తారు. అదే ముట్టడి మన దగ్గర జరిగి ఉంటే హాస్టళ్లు ఖాళీ చేయించి, విచారణ కమిటీ వేసి, కమిటీ గడువును పొడిగించుకుంటూ పోయేవాళ్లు. కోర్సు పుట్టే ప్రమాదమే ఉండేది కాదు.

అయితే మనకు మంచి నమూనాలు లేవని కాదు. ఐఐటీ కాన్పూర్‌లో కొత్తవాళ్లను సీనియర్ ‘స్టూడెంట్ గైడ్’లకు అప్పగించే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఐఐటీ గాంధీనగర్ 2011లో ఒక సాహసం చేసింది. మొదటి ఐదు వారాలు పాఠాలే లేవు పొమ్మని, ఆ కాలమంతా ఆటలకూ కళలకూ ఊరు చూడటానికీ ఇచ్చేసింది. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ అయితే మానవ విలువల కోర్సును ఉపన్యాసంగా కాకుండా చిన్న జట్లలో మాటామంతీగా నడిపింది. ఏఐసీటీఈ వీటన్నిటినీ కలిపి 2017లో ఇంజినీరింగ్ కాలేజీలకు మూడు వారాల ఇండక్షన్ పెట్టింది. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో మిగతా డిగ్రీలకూ దాన్ని విస్తరించింది. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది: ఉపన్యాసాలు దంచకండి, సంభాషించండి అనేదే దాని సారం.

ఆ సారం సెమినార్ హాలుకు చేరేసరికి ఏమైందో చూడాలి. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడు నీళ్ల సీసాలు. జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి వత్తి రెండుసార్లు ఆరిపోతుంది. మూడోసారి ప్రిన్సిపల్ గారు అరచేయి అడ్డం పెడతారు, ముఖ్య అతిథి వెలిగిస్తారు, ఫొటోగ్రాఫర్ ‘సార్, ఒక్కసారి మళ్లీ’ అంటాడు. శాలువా. మెమెంటో. తర్వాత సంభాషణ ప్రాముఖ్యం మీద గంటన్నర ఉపన్యాసం. వెనక వరసలో ‘మెంటర్’ అని రాసిన టీషర్టులు నిలబడే ఉంటాయి. వాళ్ల పని కుర్చీలు సర్దడం, మైకు అందించడం, నిద్రపోతున్న తమ్ముళ్లను భుజం తట్టి లేపడం. చివర్లో జియో ట్యాగ్ పడేలా గ్రూప్ ఫొటో. అది న్యాక్ ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. మూడు వారాల్లో కచ్చితంగా పూర్తయ్యే పని ఆ ఫొటో ఒక్కటే.

ఇండక్షన్ కార్యక్రమం నమూనాలో పొద్దున్న ఆరింటికి నిద్రలేపు, ఆరున్నరకి వ్యాయామం అని ఉంది. రాసినవాళ్లు ఇది కొంచెం కష్టమేనేమో అనుకుని ఉంటారు. మన పిల్లలు కార్పొరేట్ ఇంటర్ హాస్టళ్లలో రెండేళ్లు తెల్లారకముందే స్టడీ అవర్లో కూర్చుని వచ్చినవాళ్లు. ఆరింటి దాకా పడుకోనిచ్చారంటే వాళ్లకది వేసవి సెలవే! అసలు కష్టం తర్వాత వస్తుంది. ‘నీకు నచ్చింది ఏదైనా చెయ్యి, బొమ్మ వేస్తావా, పాట పాడతావా?’ అని అడిగితే వాళ్లకు చెమటలు పడతాయి. నచ్చింది అనే సబ్జెక్టుకు మెటీరియల్ ఎవరిస్తారు, వెయిటేజీ ఎంత అని పక్కవాణ్ని అడుగుతారు.

ఇంతకీ ఈ మెంటర్లను ఎంచేదెలా? తొమ్మిదికి పైగా సీజీపీఏ, ఒక్క బ్యాక్‌లాగ్ కూడా ఉండకూడదు, హెచ్‌ఓడీ గారి నోట మంచివాడనే మాట రావాలి. అంటే కాలేజీలో ఏ ఇబ్బందీ ఎరగనివాణ్ని, ఇబ్బందులు ఎలా దాటాలో చెప్పమని నిలబెడతారు. ‘అన్నా, అటెండెన్స్ ఎంతుంటే సరిపోద్ది?’ అని ఒక తమ్ముడు అడుగుతాడు. మెంటర్ ముందు వరసలో ఉన్న కోఆర్డినేటర్ మేడమ్ వైపు ఒక చూపు చూసి, ‘రోజూ రావాలి తమ్ముడూ’ అంటాడు. అసలు జవాబు సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గర దొరుకుతుంది. అక్కడ టీషర్టు లేని ఇంకో అన్న ఉంటాడు. ‘డెబ్బై ఐదు శాతం ఉంటే నిన్నెవడూ అడగడు. అరవై ఐదుకీ డెబ్బై ఐదుకీ మధ్య పడ్డావంటే మెడికల్ సర్టిఫికెట్ తెచ్చి కాండొనేషన్ ఫీజు కట్టు. అరవై ఐదు దిగావో, డిటెండ్. నాలాగా మళ్లీ అదే సెమిస్టర్ చదువుకోవడమే’ అని రెండు నిమిషాల్లో రెగ్యులేషన్స్ పుస్తకం మొత్తం చెప్పేస్తాడు. టీ డబ్బులు కూడా అతనే ఇస్తాడు. ఇలాంటి అన్నను వేదిక ఎక్కించాలని ఏ కమిటీకీ తోచదు. ఎర్ర ఫ్లెక్సీ కళ్లతో చూస్తే జూనియర్‌ను ఆపి మాట్లాడిన అనుమానితుడు కూడా అతనే!

ఇక ఈ దీక్ష అందరికీ దక్కుతుందా అంటే అదీ లేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఒక్క విడతతో అయ్యేది కాదు. మొదటి విడతలో సీటొచ్చినవాళ్లు యోగా నేర్చుకుంటుంటే తర్వాతి విడతల వాళ్లు ఆప్షన్లు మారుస్తుంటారు. స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లు వచ్చేసరికి దండలు వాడిపోయి ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడుతుంటుంది. డిప్లొమా చదివి ఈసెట్‌తో నేరుగా రెండో సంవత్సరంలో చేరేవాళ్ల సంగతి మరీ విచిత్రం. వాళ్లకు మొదటి సంవత్సరమే లేదు కాబట్టి స్వాగతమూ లేదు. లేత్ మిషన్ మీద చేయి తిరిగినవాళ్లయినా లైబ్రరీ కార్డు ఎక్కడిస్తారో చెప్పే దిక్కుండదు. తరగతిలో అప్పటికే జట్లు కట్టేసి ఉంటాయి, వీళ్లు చివరి బెంచీలో సర్దుకుంటారు. ఏడాది తిరిగేసరికి థర్డ్ ఇయర్‌కు వస్తారు. వాళ్లలో మార్కులు బాగున్న ఒకడి చేతికి డిపార్ట్‌మెంట్ ఆఫీసులో మెంటర్ టీషర్టు, ఎక్స్‌ఎల్ సైజుది, ఇచ్చి ‘రేపట్నుంచి ఇండక్షన్, పొద్దున్నే వచ్చెయ్’ అంటారు. ఇండక్షన్‌లో ఏం చేస్తారు సార్ అని అతను అమాయకంగా అడుగుతాడు.

‘మీ ఫస్టియర్లో చేశారు కదయ్యా, అదే’ అంటాడు గుమాస్తా, తలెత్తకుండా రిజిస్టర్లో సంతకం చేయించుకుంటూ.